నూరేళ్ళు దాటినా తెర దించలేదు!

సినిమా తారని వయసు అడక్కూడదంటారు. అడిగినా నిజం చెప్పరంటారు. ఈ వారం నేను మీకు పరిచయం చేస్తున్న తార విషయంలో ఆ బాధ లేదు. ఆవిడ వయసు లోకానికంతటికీ తెలుసు. ఆ వయసే ఆవిడకి పెద్ద ఆకర్షణ!

పుట్టింది 1912 ఏప్రిల్ 27న. అప్పటికి దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' ఇంకా జనం ముందుకి రాలేదు. అది 1913 మే నెలలో విడుదలైంది. అంటే మన దేశపు తొలి పూర్తి నిడివి కథాచిత్రం కంటే ఆవిడ ఏడాది పెద్దదన్నమాట! 2014 జూలై 10న ఢిల్లీలో కన్ను మూసేనాటికి ఆవిడకి నూట రెండేళ్ళు నిండాయి. అందులో డెబ్భై ఏళ్ళకి పైగా ఏదో ఒక వేదిక మీదో, ఏదో ఒక కేమెరా ముందో గడిపారు.

ఆవిడే జోహ్రా సెహగల్.

పేరు వినగానే "ఎవరబ్బా?" అనుకునే వాళ్ళుంటారు. కానీ మీలో చాలామంది ఆవిడని చూసే ఉంటారు. మణిరత్నం 'దిల్ సే' (1998) మన తెలుగులోకి 'ప్రేమతో' పేరుతో వచ్చింది కదా. అందులో ఇంటి పెద్దావిడ జోహ్రాయే. 'హమ్ దిల్ దే చుకే సనమ్' (1999)లోనూ ఉన్నారు. 'వీర్ జారా' (2004)లో ప్రీతీ జింటాని పెంచిన 'బేబే' ఆవిడే. ఆ పాత్ర చనిపోతూ తన అస్థికల్ని హిందూస్థాన్‌లో కలపమని కోరుకుంటుంది. ఆ అస్థికలు తీసుకుని రావడంతోనే కథ మొదలవుతుంది. అప్పటికి నటికి తొంభై రెండేళ్ళు. 'చీనీ కమ్' (2007)లో అమితాబ్ బచ్చన్‌కి తల్లి. అరవై నాలుగేళ్ళ కొడుకుని జిమ్‌కి పొమ్మని సతాయించే తల్లి!

హాల్లోంచి బైటికొస్తూ, "ఆ ముసలావిడ బలే చేసిందిరా" అనుకుని ఉంటాం. పేరు కనుక్కోవడం మర్చిపోయి ఉంటాం.

ముసలమ్మ పాత్ర అంటే...

మన సినిమాల్లో ముసలి పాత్రల సంగతి మీకు నేను చెప్పాలా? మంచం మీద దగ్గుతూ ఉండాలి. హీరో పెళ్ళి చూసి పోవాలని కోరాలి. ఇంటర్వెల్ లోపల గుండె పట్టుకోవాలి. ఆ తర్వాత గోడ మీద దండతో ఫోటో. లేదా హాస్యం కోసం పళ్ళులేని నోటితో ఒక బూతు మాట. ఇంతే సంగతులు!

నిర్మలమ్మ గారి లాంటి వారు ఈ మూసని బద్దలుకొట్టారు. 'స్వాతిముత్యం' (1986)లో అమాయకుడైన మనవడి కోసం ఆరాటపడే ఆ నాయనమ్మని ఎవరు మర్చిపోతారు? కానీ అలాంటి పాత్రలు ఎన్ని?

'ఓ బేబీ' (2019) చూసే ఉంటారు. లక్ష్మి గారు సమంతగా మారిపోయే కథ. బాగా ఆడింది, నేనూ పగలబడి నవ్వాను. కానీ ఒక్క మాట. పెద్దావిడ ఆడాలన్నా పాడాలన్నా ముందు పడుచుపిల్ల కావాలి, అదీ మాయతో కావాలి. డెబ్భైలోనే ఉండి ఆ సరదాలు తీర్చుకోవడం కథ రాసేవాళ్ళ ఊహకి ఎందుకో అందదు.

జోహ్రా ఏ మాయా లేకుండా, ఉన్న ముడతలతోనే ఆ పని చేసి చూపించారు. అందుకే ఆవిడ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మార్నింగ్ షో, మాట్నీ

జోహ్రాది రాంపూర్ రాజ్యానికి చెందిన పఠాన్ల కుటుంబం. పరదా పద్ధతి పాటించే ఇల్లు. చిన్నతనంలోనే తల్లి పోయింది. లాహోరులో క్వీన్ మేరీస్ కాలేజీలో చదివారు. ఆ తర్వాత 1930లో మేనమామతో కలిసి కారులో పశ్చిమాసియా దేశాలు దాటుకుంటూ యూరప్ ప్రయాణమయ్యారు! జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో మేరీ విగ్‌మాన్ అనే ప్రసిద్ధ నర్తకి నడిపే నృత్య పాఠశాలలో చేరి, మూడేళ్ళు నాట్యం నేర్చుకున్నారు. అక్కడున్నప్పుడే ఉదయ్ శంకర్ నృత్యం చూశారు. 1935లో ఆయన బృందంలో చేరిపోయారు. జపాన్, ఈజిప్టు, యూరప్, అమెరికా... బృందంతో పాటు దేశాలన్నీ చుట్టేశారు.

హిమాలయాల పాదాల దగ్గర అల్మోరాలో ఉదయ్ శంకర్ కళాకేంద్రం పెట్టినప్పుడు జోహ్రా అక్కడ అధ్యాపకురాలు. తర్వాత రోజుల్లో 'ప్యాసా' తీసిన గురుదత్ అక్కడ శిష్యుడు. అక్కడే ఆవిడకి కామేశ్వర్ సెహగల్ పరిచయమయ్యారు. ఆయన నర్తకుడు, చిత్రకారుడు, సైన్సు చదివినవాడు, పైగా ఆవిడ కంటే ఎనిమిదేళ్ళు చిన్న! మతాలు వేరు. ఇంట్లో అభ్యంతరాలు సరేసరి. అయినా 1942 ఆగస్టు 14న పెళ్ళయిపోయింది. విందుకి జవహర్‌లాల్ నెహ్రూ రావలసింది. క్విట్ ఇండియా ఉద్యమంలో కొద్ది రోజుల ముందే ఆయన్ని అరెస్టు చెయ్యడంతో రాలేకపోయారు. సినిమా కథల్లో కూడా ఇన్ని మలుపులు పెడితే ప్రేక్షకుడు నమ్మడు.

1945లో బొంబాయిలో పృథ్వీరాజ్ కపూర్ నాటక సంస్థ 'పృథ్వీ థియేటర్స్'లో చేరారు. నెలజీతం నాలుగు వందల రూపాయలు. అందులో కథానాయిక ఆవిడ స్వంత చెల్లెలు ఉజ్రా. పద్నాలుగేళ్ళ పాటు ఊరూరా నాటకాలు. అదే సమయంలో సినిమాలు కూడా. 1946లో చేతన్ ఆనంద్ తీసిన 'నీచా నగర్' కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి అందుకున్న చిత్రాల్లో ఒకటి. అందులో జోహ్రా నటించారు. గురుదత్ దర్శకుడిగా తొలి చిత్రం 'బాజీ' (1951)కి నృత్య దర్శకత్వం వహించారు.

ఇంతవరకూ చెప్పింది పడుచు వయసు కథ. ఇది మార్నింగ్ షో, మాట్నీ. అసలు సంగతి సెకండ్ షోలో ఉంది.

సెకండ్ షోకే హౌస్‌ఫుల్!

1959లో భర్త పోయారు. చేతిలో ఇద్దరు పిల్లలు. 1962లో నాటక కళ అభ్యసించడానికి స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్ళారు. అప్పుడావిడ వయసు యాభై.

ఆ వయసులో కొత్త దేశంలో, కొత్త భాషలో ఒక భారతీయ నటికి ఎలాంటి పాత్రలు వస్తాయో ఊహించండి. చిన్నా చితకా వేషాలు. వేషాలు లేని రోజుల్లో వేరే ఉద్యోగాలు. ఇలా రెండు దశాబ్దాలు. 1984లో బ్రిటిష్ టెలివిజన్‌లో 'ద జ్యూయెల్ ఇన్ ద క్రౌన్' సీరియల్ వచ్చింది. అందులో లేడీ చటర్జీ పాత్రతో ఆవిడ పేరు అక్కడ మారుమోగింది. ఆ ఏడాదే ఆవిడకి డెబ్భై రెండేళ్ళు నిండాయి. మనవాళ్ళు యాభై ఎనిమిదికో అరవైకో రిటైరై పడక్కుర్చీ కొనుక్కుంటారు. ఆవిడ డెబ్భై రెండుకి పేరు తెచ్చుకున్నారు.

1990ల మధ్యలో ఇండియాకి తిరిగొచ్చేశారు. హిందీ సినిమా ఆవిడని 'నానమ్మ'గా, 'అమ్మమ్మ'గా కొత్తగా కనుక్కుంది. పద్మశ్రీ 1998లో, పద్మభూషణ్ 2002లో, పద్మవిభూషణ్ 2010లో వచ్చాయి. ఆఖరిది వచ్చేసరికి తొంభై ఏడేళ్ళు. మూడు పద్మాలూ ఎనభై అయిదు దాటాకే అన్నమాట!

సరిహద్దు దాటిన అక్కచెల్లెళ్ళు

ఇక్కడ ఒక సన్నివేశం చెప్పాలి. ఏ రచయితా కల్పించనక్కర్లేదు, జీవితమే రాసి పెట్టింది.

పృథ్వీ థియేటర్స్ కథానాయిక ఉజ్రా 1964లో భర్తతో కలిసి పాకిస్తాన్ వెళ్ళిపోయారు. అక్క ఒక దేశంలో, చెల్లెలు ఇంకో దేశంలో. రెండు దేశాల మధ్య యుద్ధాలు, వీసాలు, మూసిన దారులు. ఒకే రంగస్థలం మీద పెరిగిన ఇద్దరూ దశాబ్దాల పాటు కలిసి ఒక్క నాటకం వెయ్యలేదు.

1993లో లాహోరులోని 'అజోకా' నాటక సంస్థ ఈ ఇద్దర్నీ మళ్ళీ ఒక వేదిక ఎక్కించింది. నాటకం పేరు 'ఏక్ థీ నానీ'. 'ఒక అమ్మమ్మ ఉండేది' అని అర్థం. షాహిద్ నదీమ్ రాసిన ఆ నాటకానికి ఈ అక్కచెల్లెళ్ళ జీవితాలే ముడిసరుకు. అక్కకి ఎనభై ఒకటి. చెల్లెలికి డెబ్భై ఆరు. ఇద్దరూ తమ కథని తామే ఆడారు.

ఒక్కసారి ఆలోచించండి. డెబ్భై ఆరు, ఎనభై ఒకటి అంటే మనం పెద్దవాళ్ళకి "మీరు కదలకండి, మేం చూసుకుంటాం" అని చెప్పే వయసు. వాళ్ళు కదలకపోతే ఆ నాటకం లేదు. ఆ అక్కచెల్లెళ్ళు అలా కలిసేవారు కాదు. ఉజ్రా 2010లో తొంభై మూడో ఏట కాలం చేశారు. ఆ నాటకం దక్కింది కాబట్టి వాళ్ళకి వార్ధక్యంలో మళ్ళీ ఒక యౌవనం దక్కింది.

ఒకరికి తొలి చిత్రం, ఒకరికి చివరిది

సంజయ్ లీలా భన్సాలీ 'సావరియా' 2007 నవంబరులో వచ్చింది. రణబీర్ కపూర్‌కి అది తొలి చిత్రం. జోహ్రాకి చివరి చిత్రం. అందులో ఒంటరిగా బతికే ముసలి ఇంటి యజమానురాలు ఆవిడ. అద్దెకి గది అడిగే కుర్రాడు రణబీర్.

రణబీర్ ఎవరు? పృథ్వీరాజ్ కపూర్ మునిమనవడు. అరవై ఏళ్ళ క్రితం ముత్తాతగారి దగ్గర నాలుగు వందల జీతానికి చేరిన నటి, మునిమనవడి మొదటి సినిమాలో అతని పక్కన నిలబడింది. తొంభై అయిదేళ్ళ వయసులో ఆవిడ ఆ కుర్రాడితో సమానంగా కాల్‌షీట్ ఇచ్చి, మేకప్ వేసుకుని, డైలాగ్ చెప్పింది. ఒక కుటుంబం నాలుగు తరాల్ని ఇలా తన వృత్తితో కట్టిపడేసిన తార ఇంకొకరు ఉన్నారా?

ఇంట్లో ఎలా ఉండేవారు?

అభిమానులకి తారల ఇంటి సంగతులంటే చెవి కోసుకుంటారు కదా. చెప్తాను.

జోహ్రా చివరి ఏళ్ళు ఢిల్లీలో కూతురు కిరణ్ సెహగల్ దగ్గర గడిచాయి. కిరణ్ కూడా మామూలు మనిషి కాదు, పేరున్న ఒడిస్సీ నర్తకి. తల్లికి నూరేళ్ళు నిండిన 2012లో ఆవిడ మీద ఒక పుస్తకం రాశారు. దాని పేరు 'జోహ్రా సెహగల్: ఫ్యాటీ'. తల్లిని ముద్దుగా వెక్కిరించే పేరు పుస్తకానికి పెట్టగలిగిందంటే ఆ ఇంట్లో నవ్వు ఎంత చనువుగా తిరిగేదో చూడండి!

రోజూ వ్యాయామం చేసేవారు. ఉర్దూ కవితలు బోలెడు కంఠతా వచ్చు. ఇంటికి ఎవరొచ్చినా వినిపించేవారు. సభల్లో అయితే జనం పట్టుబట్టి హఫీజ్ జలంధరీ నజ్మ్ ఒకటి అడిగేవారు. తన పడుచుదనం ఇంకా పోలేదని చెప్పే నజ్మ్ అది. తొంభై దాటిన ఆవిడ నోట ఆ మాటలు వింటుంటే హాలంతా నవ్వులు, చప్పట్లు, కొందరి కళ్ళల్లో నీళ్ళు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ హఫీజ్ జలంధరీయే పాకిస్తాన్ జాతీయ గీతం రాసిన కవి. ఆవిడ ఇంటి మనుషుల్ని విడదీసిన గీత, ఆవిడ నాలిక మీద లేదు.

నూరో పుట్టినరోజు నాటి ఫోటో ఒకటి చాలా పత్రికల్లో పడింది. కేకు కోసే కత్తి పట్టుకుని కొంటెగా మొహం పెట్టిన ఫోటో. చూడకపోతే వెతికి చూడండి.

అయితే అంతా పూలబాటే అనుకోకండి. 1990లలో కేన్సర్ వచ్చింది, గట్టెక్కారు. ఒక కన్ను చిన్నప్పటి నుంచే సరిగా పని చెయ్యలేదు. ఇంకొకటి. వయసు మీద పడ్డాక మెట్లు కష్టమై, కింది అంతస్తులో ఒక ప్రభుత్వ క్వార్టర్ కావాలని అడిగారనీ, ఆ కోరిక తీరకుండానే పోయారనీ కూతురు చెప్పిన మాట 2014లో పత్రికల్లో వచ్చింది. మూడు పద్మ పురస్కారాల నటి! ఆవిడ అడిగింది మెట్లు లేని ఇల్లు. ముసలితనంలో సృజన, ఆనందం అని మనం పెద్ద మాటలు చెప్తాం. అవి ఒక్కోసారి నాలుగు మెట్ల దగ్గర ఆగిపోతాయి.

మన వాళ్ళ సంగతి?

"ఢిల్లీ కబుర్లెందుకు, మనకి లేరా?" అంటారు. ఎందుకు లేరు!

అక్కినేని నాగేశ్వరరావు గారు 1941లో 'ధర్మపత్ని'తో తెరకెక్కారు. 2013 అక్టోబరులో తనకి కేన్సర్ అని ఆయనే పత్రికలవారిని పిలిచి చెప్పారు. ఇంకెవరైనా అయితే ఆ తర్వాత తలుపులు మూసుకునేవారు. ఆయన 'మనం' పూర్తి చేశారు. స్టూడియోకి వెళ్ళే ఓపిక లేకపోతే ఇంట్లోనే డబ్బింగ్ ఏర్పాట్లు చేయించుకుని, తన పాత్రకి తన గొంతే ఇచ్చారు. 2014 జనవరి 22న వెళ్ళిపోయారు. సినిమా మే 23న వచ్చింది. కొడుకు, మనవడు పక్కనుండగా ఆయన తెర మీద నవ్వుతుంటే హాల్లో నా పక్క సీటు కుర్రాడు కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి ఇరవై కూడా ఉండవు. 'దేవదాసు' చూసి ఉంటాడని నేననుకోను.

సి. కృష్ణవేణి గారు 1936లో 'సతీ అనసూయ'లో బాలనటి. 1949లో ఆవిడ నిర్మించిన 'మనదేశం' చిత్రంతోనే ఎన్.టి. రామారావు గారు తెరకి పరిచయమయ్యారు. 2024 డిసెంబరులో ఆవిడకి నూరేళ్ళు నిండాయి. 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్ను మూశారు. తెలుగు టాకీ 1930లలో నడక నేర్చినప్పుడు చూసిన కళ్ళు, మనం సెల్‌ఫోన్‌లో ట్రైలర్లు చూస్తున్న రోజుల్ని కూడా చూశాయి.

సినిమా వాళ్ళకే ఈ అదృష్టం అనుకుంటున్నారా? మస్తానమ్మ గారిని మర్చిపోయారా! తెనాలి ప్రాంతంలోని గుడివాడ గ్రామంలో, పొలం గట్టున మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వంట చేసిన ముసలమ్మ. మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ఆ వంటల్ని వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టారు. పుచ్చకాయ డొప్పలో కోడికూర వండితే ప్రపంచమంతా నోరు తెరుచుకు చూసింది. లక్షలమంది అభిమానులు. వయసుకి రుజువు కాగితం ఏదీ లేదు. 2018 డిసెంబరులో పోయినప్పుడు నూట ఏడేళ్ళని ఇంటివాళ్ళు చెప్పారు. చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుని, కాయకష్టం చేసి పిల్లల్ని పెంచిన మనిషి. కేమెరా ముందు కూచున్నది నూరు దాటాకే!

ఈ నలుగురి కథల్లోనూ నాకు కనిపించేది ఏమిటంటే, పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. జోహ్రాకి కూతురు, నాగేశ్వరరావు గారికి కొడుకు, మస్తానమ్మకి మునిమనవడు. వాళ్ళు పెద్దవాళ్ళకి సేవ చేసి ఊరుకోలేదు. పని కల్పించారు. సేవ చేస్తే పెద్దవాళ్ళు బతుకుతారు. పని ఇస్తే ఆడతారు, పాడతారు, మనల్ని తిడతారు కూడా!

శాలువా కప్పి పంపేస్తాం

వృత్తిరీత్యా సన్మాన సభలకి వెళ్ళడం నాకు అలవాటు. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక సభ. ఎనభై దాటిన ఒక పాత క్యారెక్టర్ నటుడికి సన్మానం. శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫోటోలు. ఆయన మైకు వైపు చెయ్యి చాచారు. "పెద్దాయనకి శ్రమ ఇవ్వొద్దు" అని యాంకరమ్మాయి మైకు తీసుకుని తర్వాతి కార్యక్రమం ప్రకటించేసింది. చప్పట్లు మోగాయి. ఆయన చేతులు జోడించి కిందికి దిగారు.

నేను వివరాలు కనుక్కుందామని వెనకాలే వెళ్ళాను. హాలు బైట కారు కోసం ఎదురుచూస్తూ కుర్చీలో కూచున్నారు. భోజనాల కుర్రాడొకడు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "తాతా, మీరు నాటకాలు కూడా ఆడేవారంట కదా?" అన్నాడు. అంతే! ఆయన నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, 'రాయబారం' పద్యం ఒకటి అందుకున్నారు. రాగం తియ్యడం మొదలుపెట్టేసరికి వంటవాళ్ళు గరిటెలతో వచ్చేశారు. డ్రైవర్లు వచ్చేశారు. వాచ్‌మన్ కర్ర పక్కన పెట్టి కూచున్నాడు. "వన్స్ మోర్" అని ఎవరో అరిచారు. ఆయన రెండోసారి మొదటిసారి కంటే గట్టిగా పాడారు. లోపల మూడు వందల మంది కూచున్న సభలో దొరకని సన్మానం ఆయనకి బైట పదిహేను మంది చేశారు.

ఆ కుర్రాడు చేసిందల్లా ఒక ప్రశ్న అడగడం.

మా నాయనమ్మ రీటేక్

మా నాయనమ్మకి ఎనభై తొమ్మిది. టీవీ ముందు కూచుని రోజంతా నిద్రపోతుందని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. ఒకరోజు మా అక్క కూతురు, డిగ్రీ చదివే పిల్ల, "తాతమ్మా, నువ్వు చూసిన మొదటి సినిమా ఏది?" అని అడిగింది. పాతాళ భైరవి! 1951లో ఊళ్ళోకి టూరింగ్ టాకీస్ వచ్చినప్పుడు, పక్క ఊరి నుంచి ఎడ్లబండి మీద వెళ్ళి, నేల టిక్కెట్టు కొనుక్కుని, ఇసకలో కూచుని చూసిందట. రీలు మార్చడానికి ఆట ఆపినప్పుడల్లా లైట్లు వెలిగేవట. ఆ వెలుతుర్లో తనకంటే చిన్నపిల్లలకి జరిగిన కథంతా మళ్ళీ అభినయించి చూపించేదట.

"ఎలా? చేసి చూపించు" అంది పిల్ల.

మా నాయనమ్మ పైట చెంగు నడుముకి బిగించి, కనుబొమ్మ ఎగరేసి, నేపాళ మాంత్రికుడి నవ్వు నవ్వింది. సాక్షాత్తూ ఎస్వీ రంగారావు గారే! ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేతి అన్నం తింటున్నాను. ఆవిడలో నటి ఉందని నాకెవరూ చెప్పలేదు. పిల్ల సెల్‌ఫోన్‌లో తీసింది. నాయనమ్మ వీడియో చూసుకుని, "ఛ, ఇక్కడ మొహం బాగా రాలేదే. ఇంకోసారి తియ్యి" అంది. రీటేక్ అడిగిందండీ! మూడు టేకులయ్యాక గానీ ఓకే చెయ్యలేదు.

ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి పక్కింటి పిల్లలు నలుగురు వచ్చి కూచుంటున్నారు. మాంత్రికుడు అయిపోయి 'మాయాబజార్' నడుస్తోంది. మధ్యాహ్నం నిద్ర తగ్గిందని మా అమ్మ చెప్పింది. వేషాలు ఒకటి కాదు, ఘటోత్కచుడికి కావలసిన గద కోసం మా నాన్నగారి చేతికర్ర పోయింది. ఆయన వెతుక్కుంటున్నారు.

మీరేం చెయ్యొచ్చు?

'మిథునం' (2012) చూడండి. శ్రీరమణ గారి కథకి తనికెళ్ళ భరణి గారి దర్శకత్వం. బాలు గారు, లక్ష్మి గారు, ఆ ఇల్లు, ఆ పెరడు... అంతే. వేరే నటులు లేరు, విలన్ లేడు. వంటలోనూ, అలకలోనూ, దొడ్లో మొక్కల మధ్యా కూడా ఒక పండు వయసు ఎంత సందడిగా ఉండగలదో ఆ సినిమా చెప్తుంది. మొదట్లో "యూత్‌కి ఎక్కదు" అన్నారు. ఇప్పటికీ జనం వెతుక్కుని చూస్తున్నారు.

మన దర్శకుల్లో కొత్తవాళ్ళు చాలామంది ఈ పత్రిక చదివే వయసు వాళ్ళే. వాళ్ళకి నా మనవి ఒకటి. మీ తర్వాతి స్క్రిప్టులో ముసలి పాత్రని ఇంటర్వెల్ ముందు చంపకండి. దానికి ఒక పని ఇవ్వండి, ఒక కోరిక ఇవ్వండి, కుదిరితే ఒక పాట కూడా ఇవ్వండి. వేసేవాళ్ళు దొరకరనుకోకండి. వాళ్ళు మేకప్ పెట్టె సర్దుకుని ఎదురుచూస్తున్నారు.

మిగిలిన పాఠకులకి చెప్పేది ఇంకా తేలిక. మీకు ఖర్చు లేదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో తొంభై దగ్గర పడుతున్న తార ఒకరు ఉండే ఉంటారు. కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోకండి. ఆవిడ చూసిన మొదటి సినిమా ఏదో, ఏ హాల్లోనో, ఎవరితో వెళ్ళిందో అడగండి. అడిగి, సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని, తీరిగ్గా కూచోండి. సెకండ్ షో కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది. కానీ కుర్చీలోంచి లేవనివ్వదు!